మన రక్తాన్ని అడిగిన ప్రశ్న

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నాకు మామ వరసయ్యే ఒకాయన మా ఆశ్రమ పాఠశాలకు వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. “అల్లుడా, పిల్లకి రక్తం తీసి ఈ కాయితం ఇచ్చారు. జబ్బు లక్షణం ఉందంట. ఎన్నాళ్ళుంటదో నువ్వు చదివి చెప్పు” అన్నాడు. కాగితంలో పిల్ల పేరు, వయసు, వాటి కింద ‘సికిల్ సెల్ లక్షణం – పాజిటివ్’ అని ఉంది. ఆ పిల్ల అప్పుడు గ్రౌండులో ఖోఖో ఆడుతోంది.

“మామా, పిల్లకి జబ్బేమీ లేదు” అన్నాను. ఆయన నమ్మలేదు. “మరి పాజిటివ్ అని రాశారు గదా. కరోనా అప్పుడు గూడా ఇట్లనే రాసి మా తమ్ముణ్ణి బడిలో పెట్టి తలుపేశారు” అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. చదువురాక అలా అన్నాడని అనుకోవడం తేలిక. కానీ తెలుగు వచ్చిన ఎవరైనా ఆ కాగితాన్ని ఆయన చదివినట్టే చదువుతారు. జీవశాస్త్రం పాఠంలో ‘లక్షణం’ అంటే తల్లిదండ్రుల నుంచి బిడ్డకు దిగే గుణం. ఆసుపత్రిలో ‘లక్షణం’ అంటే జబ్బు బయటపడే గుర్తు. జ్వర లక్షణాలు, కామెర్ల లక్షణాలు అంటాం కదా, అది. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. మనకు ఒకటే ఉంది. ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని పాఠ్యపుస్తకంలోని మాట తీసి ఆసుపత్రి కాగితం మీద పెట్టారు. ఇక ‘పాజిటివ్’ సంగతి. కరోనా తర్వాత ఆ మాటకు మన గూడేల్లో ఒకే అర్థం మిగిలింది: అంటుకునే జబ్బు, దూరంగా ఉంచాలి.

సికిల్ సెల్ అంటుకోదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు సంబంధించినది. హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువులో ఒక చిన్న మార్పు, ప్రోటీను గొలుసులో ఆరో చోట ఒక పూసకు బదులు ఇంకో పూస. అమ్మ నుంచి గానీ నాన్న నుంచి గానీ ఒక్కరి నుంచే ఆ జన్యువు వస్తే మనిషికి మామూలుగా ఏ బాధా ఉండదు. దాన్నే ట్రెయిట్ అంటారు. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. అప్పుడు ఎర్రకణాలు ఆక్సిజన్ తగ్గినచోట కొడవలిలా వంగి గట్టిపడతాయి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ చోట ప్రాణం పోయేంత నొప్పి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజుల్లో పగిలిపోతుంది. అందుకే రక్తం చాలదు, కళ్ళు పచ్చబడతాయి. నేను క్లాసులో మొదటిదాన్ని ‘ఒంటి కొడవలి’ అనీ రెండోదాన్ని ‘జంట కొడవలి’ అనీ చెప్పడం మొదలుపెట్టాను. ఏ నిఘంటువూ ఒప్పుకోకపోవచ్చు గానీ పిల్లలు ఇంటికి వెళ్ళి తప్పు లేకుండా చెప్పగలుగుతున్నారు.

ఆ కాగితం నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. ఈ జబ్బు మీద మన దేశంలో ఎవరు ఏం రాశారో వెతుక్కుంటూ చదివాను. కథనీ కవితనీ విమర్శించేటప్పుడు మనం ఏం అడుగుతాం? ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి, ఎవరికోసం? పరిశోధన వ్యాసాన్ని మాత్రం అలా అడగం. అది సైన్సు కదా అని తలవంచుకుంటాం. ఈ వ్యాసంలో అడిగి చూస్తాను.

1952లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. దక్షిణ భారతంలో సికిల్ సెల్ ట్రెయిట్ అన్నది దాని పేరు. రాసినవాళ్ళు హెర్మన్ లేమన్, మేరీ కట్‌బుష్. లేమన్ లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో కెమికల్ పేథాలజీలో పనిచేసేవాడు. కట్‌బుష్ రక్తపు గ్రూపుల శాస్త్రవేత్త. నీలగిరి కొండల ఆదివాసుల రక్తంలో కొడవలి కణాలు ఉన్నాయని వాళ్ళు చూపించారు. అప్పటిదాకా దాన్ని ప్రధానంగా ఆఫ్రికా మూలాలున్నవారి జబ్బుగానే చూసేవారు. ఈనాటికీ మన దేశంలో సికిల్ సెల్ మీద రాసే వ్యాసాలు చాలామటుకు ఈ ఇద్దరి పేర్లతోనే మొదలవుతాయి.

అదే సంవత్సరం ఆ ఇద్దరే ఇంకో వ్యాసం రాశారు. సికిల్ సెల్ ట్రెయిట్, రక్తపు గ్రూపులు ఎంతమేర ఉన్నాయన్నదాన్ని బట్టి కొన్ని దక్షిణ భారత సముదాయాలను ఉపవిభాగాలు చేయడం అన్నది దాని శీర్షిక సారాంశం. అంతకుముందు 1949లో లేమన్, ఉగాండాలో పనిచేసే ఎ.బి. రేపర్ అనే పేథాలజిస్టుతో కలిసి నేచర్ పత్రికలో రాసిన వ్యాసం కూడా ఇలాంటిదే. ఉగాండాలో సికిల్ సెల్ ట్రెయిట్ వ్యాప్తి, జాతుల చరిత్ర తెలుసుకోవడంలో దాని ప్రాముఖ్యం. అక్కడి బాంబా తెగలో నూటికి 45 మందిలో ఈ ట్రెయిట్ కనిపించింది. నూటికి నలభై ఐదు! ఆ సంఖ్య చూసిన వైద్యుడికి ముందు తట్టాల్సిన ప్రశ్న ఏమిటి? జంట కొడవలితో పుట్టిన పిల్లలు ఏమవుతున్నారు అని కదా. శీర్షికలో కనిపించే ప్రశ్న మాత్రం ఈ జనం ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరికి చుట్టాలు అన్నది.

1954లో లేమన్ ఆ ప్రశ్నకు జవాబు కూడా రాశాడు. తూర్పు ఆఫ్రికావారి మూలం మీద కొత్త వెలుగు అంటూ అది అచ్చయిన పత్రిక పేరు యూజెనిక్స్ రివ్యూ. యూజెనిక్స్ అంటే మనుషుల్లో మేలుజాతిని పెంచాలనే ఆలోచన. అందులో ఆయన వాదన ఇది: ఈ జన్యువు పూర్వం అరేబియాలో ఉన్న ‘వెడ్డాయిడ్’ జనంలో పుట్టింది, వాళ్ళు అక్కడి నుంచి కొందరు భారతదేశానికి, కొందరు తూర్పు ఆఫ్రికాకు చెదిరిపోయారు. వెడ్డాయిడ్ అనేది అప్పటి మానవశాస్త్రజ్ఞులు మన కొండజాతులకు పెట్టిన పేరు. ముక్కు కొలతలు, పుర్రె కొలతలు తీసి పెట్టినది. పుర్రె కొలిచిన చోట ఇప్పుడు రక్తం కొలిచారు. పనిముట్టు మారింది, ప్రశ్న మారలేదు.

లేమన్‌ను దుర్మార్గుడిగా చూపించాలని నేను ఇది రాయడం లేదు. ఆయన జీవితం తెలిశాక నాకు కోపం తగ్గి ఆశ్చర్యం పెరిగింది. 1910లో జర్మనీలోని హాలెలో యూదు కుటుంబంలో పుట్టాడు. హిట్లర్ వచ్చాక స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1934లో వైద్య పట్టా తీసుకున్నాడు. తర్వాత ఇంగ్లండుకు వలస పోయాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడిగా మన దేశంలో పనిచేశాడు, ఆ తర్వాత ఉగాండాలోని మకెరెరెలో పోషకాహార లోపం, రక్తహీనతల మీద పరిశోధన చేశాడు. అంటే పేదవాడి రక్తం ఎందుకు పలచబడుతుందో దగ్గర నుంచి చూసినవాడు. తర్వాతి కాలంలో ఎన్నో కొత్తరకం హిమోగ్లోబిన్లను కనిపెట్టి ఆ రంగానికే పెద్ద దిక్కయ్యాడు. జాతి పేరుతో తరిమివేయబడ్డ మనిషి, మన దగ్గరికి వచ్చేసరికి జాతుల లెక్క వేశాడు. ఆయన్ను తరిమింది ద్వేషం. మన దగ్గర ఆయనలో ద్వేషం లేదు, కుతూహలమే ఉంది. కానీ ఆ కుతూహలంలో మన నొప్పికి చోటు ఏది అని అడిగే హక్కు మనకుంది.

పోల్చి చూడటానికి ఇంకో వ్యాసం. సికిల్ సెల్ గురించి మొట్టమొదట రాసింది 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు. ఆయన రాసింది ఒకే ఒక్క రోగి గురించి. గ్రెనడా ద్వీపం నుంచి దంతవైద్యం చదువుకోడానికి వచ్చిన నల్లజాతి యువకుడు. ఊపిరాడక, నీరసించి ఆసుపత్రికి వచ్చాడు. అతని రక్తంలో వింత కణాలను ముందుగా చూసింది హెరిక్ దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు ఎర్నెస్ట్ ఐరన్స్. వ్యాసం మీద ఐరన్స్ పేరు లేదు. రోగి పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అన్నది లోకానికి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. అతను చదువు ముగించి గ్రెనడా వెళ్ళి ప్రాక్టీసు పెట్టి 1916లో, ముప్ఫై రెండేళ్ళకు చనిపోయాడు. ఆ వ్యాసంలోనూ లోపాలున్నాయి. అయినా అందులో ఒక మనిషి ఉన్నాడు, అతనికి బాధ ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి మనిషి పోయి శాతం మిగిలింది.

మన దేశంలో మరో దారి ఉండేదని చెప్పడానికి ఆధారం ఆ 1952లోనే దొరుకుతుంది. లేమన్ వ్యాసం వచ్చిన ఏడాదే డన్‌లప్, మజుందార్ అనే ఇద్దరు, ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీల్లో సికిల్ సెల్ రక్తహీనత గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఒడిశా, బీహార్ వైపు నుంచి తోటలకు తోలుకుపోయిన కుటుంబాల వాళ్ళు ఆ కూలీలు. ఈ వ్యాసం శీర్షికలో ‘ట్రెయిట్’ లేదు, ‘రక్తహీనత’ ఉంది. ‘సముదాయం’ లేదు, ‘కూలీలు’ ఉన్నారు. కూలీకి జబ్బు చేస్తే తోటకు నష్టం కాబట్టి పట్టించుకున్నారని ఎవరైనా అనొచ్చు, అందులో కొంత నిజం ఉండొచ్చు కూడా. కానీ పనిచేసే మనిషి రక్తం ఎందుకు తగ్గిందని అడిగిన వ్యాసం అది. మన పరిశోధనా చరిత్రలో ఈ రెండో వ్యాసానికి దక్కాల్సిన పీట దక్కలేదని నా అభిప్రాయం.

ఈ జన్యువు ఇంతమందిలో ఎందుకు నిలిచింది అన్నదానికి సరైన జవాబు వేరే చోటి నుంచి వచ్చింది. ఆ కథ మన ఏజెన్సీకి బాగా దగ్గరది, ఎందుకంటే అందులో మలేరియా ఉంది. 1946లో ఉత్తర రొడీషియాలో, అంటే నేటి జాంబియాలో, ఇ.ఎ. బీట్ అనే వైద్యాధికారి ఒక సంగతి గమనించాడు. కొడవలి కణాలున్నవారిలో మలేరియా క్రిములు 9.8 శాతం మందిలో కనిపిస్తే, లేనివారిలో 15.3 శాతం మందిలో కనిపించాయి. 1949లో ఆంథొనీ అల్లిసన్ అనే యువకుడు కెన్యా అంతా తిరిగి రక్తం పరీక్షించాడు. సముద్రతీరంలో, విక్టోరియా సరస్సు చుట్టూ ఈ జన్యువు ఎక్కువ. ఎత్తైన చల్లటి కొండల్లో తక్కువ. తెగలను బట్టి కాదు, దోమలను బట్టి! ఒంటి కొడవలి ఉన్న బిడ్డ ప్రాణాంతక మలేరియాను తట్టుకుని బతుకుతుంది, పెరిగి పిల్లల్ని కంటుంది, అలా జన్యువు నిలుస్తుంది. జాతి చరిత్రగా చదివినదాన్ని ఆయన ఊరి చరిత్రగా, నేల చరిత్రగా చదివాడు.

అల్లిసన్‌నూ ఊరికే వదలలేం. తన మాట రుజువు చేయడానికి ఆయన 30 మంది లువో తెగ పురుషులకు మలేరియా ఎక్కించాడు. ఒంటి కొడవలి ఉన్న 15 మందిలో ఇద్దరికే క్రిములు కనిపించాయి. లేని 15 మందిలో 14 మందికి కనిపించాయి. 1954లో అచ్చయిన ఆ లెక్క ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. వాళ్ళను ‘వలంటీర్లు’ అన్నారు. అప్పుడు కెన్యా బ్రిటిష్ పాలనలో ఉంది, మావ్ మావ్ తిరుగుబాటును అణచడానికి అత్యవసర పరిస్థితి నడుస్తోంది. అలాంటి రోజుల్లో తెల్ల డాక్టరు అడిగితే కాదనగలిగే స్వేచ్ఛ ఎంతమందికి ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. సత్యం బయటపడింది. ఎవరి ఒంటి మీద బయటపడిందో కూడా పిల్లలకు చెప్పాలి.

ఇక్కడ మన యువకులకు ఒక మాట. ఫోన్లలో ఈమధ్య గర్వంగా తిప్పుతున్నారు: “మన ఆదివాసీ రక్తానికి మలేరియా రాదు” అని. ఇది సగం తెలిసిన మాట, ప్రాణం తీసే మాట. ఒంటి కొడవలి ఉన్నవారికి కూడా మలేరియా వస్తుంది. ముఖ్యంగా చిన్నతనంలో, ఫాల్సిపేరం రకం ముదిరి ప్రాణం మీదికి రాకుండా కొంత కాపు దొరుకుతుంది, అంతే. జంట కొడవలి ఉన్నవారికి మలేరియా మరీ ప్రమాదం. వాళ్ళకు అసలే రక్తం తక్కువ. మలేరియా ఉన్నదాన్నీ పగలగొడుతుంది. దోమతెర అందరికంటే ముందు వాళ్ళకు కావాలి.

అల్లిసన్ తర్వాతైనా మన దేశంలో ప్రశ్న మారిందా? 1986లో జన్యువు చుట్టూ ఉండే గుర్తులను పోల్చిన ఒక ముఖ్యమైన అధ్యయనం వచ్చింది. ఆసియాలో ఈ మార్పు ఆఫ్రికాతో సంబంధం లేకుండా విడిగా పుట్టిందని దాని వాదన. లేమన్ చెప్పిన వలస కథ దాంతో పక్కకు పోయింది. 1989లో మరో అధ్యయనం శీర్షికలోనే ఇలా ప్రకటించింది: ఈ జన్యువున్న భారతీయ గిరిజనుల్లో ఆ మార్పుకు ఒకే మూలం, గిరిజన జనాభాకూ ఒకే మూలం. 2018లో ఇంకో విశ్లేషణ ప్రపంచమంతటా ఈ మార్పు ఒక్కసారే, సుమారు 7,300 ఏళ్ళ కిందట ఆఫ్రికాలో పుట్టిందని మళ్ళీ వాదించింది. మంచిదే, తెలుసుకోవాల్సిందే. కానీ 1952 నుంచి ఇన్ని దశాబ్దాలుగా మన రక్తం దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మొదట అడిగింది ‘మీరెక్కడివాళ్ళు’ అనే.

ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేక కాదు. కోయల ఇంటిపేర్లు, గట్లు, ఏ వేల్పు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో పడిగె పట్టుకుని డోలీలు రాత్రంతా చెబుతారు. గోండుల కథలు కిక్రీ మీద పరధాన్లు పాడతారు. మూలాల సంగతి మనం చూసుకున్నాం. మనకు జవాబు దొరకనిది ఇంకోటి. పిల్లవాడు రాత్రి కాళ్ళు పట్టుకుని ఎందుకు ఏడుస్తున్నాడు? వడ్డె వచ్చి పూజ చేసినా, ఆకు పసరు పోసినా మళ్ళీ ఎందుకొస్తోంది? దానికి ఎవరైనా జవాబు తెస్తే నెత్తిన పెట్టుకునేవాళ్ళం.

జవాబు లేకా కాదు. అదే 1986లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. జంట కొడవలి ఉన్న పసిపిల్లలకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తే ప్రాణం తీసే న్యూమోకోకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఈ పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే దెబ్బతింటుంది, అందుకే క్రిములు తేలిగ్గా చంపుతాయి. చవకైన మాత్ర, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉంచగలిగింది. 1995లో హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడులను బాగా తగ్గిస్తుందని తేలింది. ఈ రెండూ మన పిల్లలకు అందాలంటే ముందు ఒక పని జరగాలి. బిడ్డ పుట్టగానే, జబ్బు బయటపడకముందే పరీక్ష చేసి కనుక్కోవాలి. మూలాల పరిశోధనకు పెద్దవాళ్ళ రక్తం చాలు. ప్రాణం నిలిపే పరిశోధనకు పురిటి గది దాకా రావాలి.

పైగా మన విషయంలో ఒక మాట స్థిరపడిపోయింది: భారతీయుల్లో ఇది తేలిక రకం అని. మన రోగుల్లో పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది, అది కొంత కాపాడుతుంది, నిజమే. కానీ ఆసుపత్రికి చేరి, పెద్దయ్యేదాకా బతికినవాళ్ళను చూసి రాసిన మాటలో చిన్నప్పుడే పోయినవాళ్ళు లెక్కలో ఉండరు. నాగపూర్ ప్రాంతంలో పుట్టినప్పటి నుంచీ పిల్లలను వెంబడించి చూసిన అధ్యయనాలు జబ్బు అంత తేలికేమీ కాదని చూపించాయి. అవి చేసింది అక్కడే రోజూ ఆ పిల్లల్ని చూసే డాక్టర్లు. తేడా ఎక్కడుందో గమనించండి.

లోపలి నుంచి అడిగిన ప్రశ్న ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు దొరికిన అందరికంటే మంచి ఉదాహరణ ఘనా దేశపు డాక్టర్ ఫెలిక్స్ కొనొటె-అహులు. క్రోబో తెగవాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒంటి కొడవలివాళ్ళు. తోబుట్టువుల్లో కొందరికి జబ్బు. ఆయన అక్రాలోని కోర్లెబు ఆసుపత్రిలో సికిల్ సెల్ రోగులకు వైద్యం చేస్తూనే తన ఇంటి పెద్దల దగ్గర కూర్చున్నాడు. ఎవరికి ఆ కీళ్ళ నొప్పులు వచ్చేవి, ఎవరు చిన్నప్పుడే పోయారు అని పేరుపేరునా అడిగి, తన వంశంలో ఈ జబ్బును 1670 దాకా వెనక్కి పట్టుకున్నాడు. షికాగోలో హెరిక్ ‘కనిపెట్టడానికి’ ఎంతో ముందే తమ తెగల భాషల్లో దీనికి పేర్లు ఉన్నాయని చూపించాడు. గా భాషలో దీని పేరు చ్వెచ్వెచ్వె. ఎముకల్ని ఎవరో కొరుకుతున్నట్టు ఆగకుండా వచ్చే నొప్పిని ఆ చప్పుడే చెబుతుంది. ఆయన కూడా మూలాలే వెతికాడు. అయితే లేమన్‌కు మూలం జాతి, ఈయనకు తన ఇంట్లో నొప్పిపడ్డ మనిషి. 

మన దగ్గర ఇప్పుడు నడుస్తున్నదేమిటో చూద్దాం. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి 2047 నాటికి జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. మన రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీలూ అందులో ఉన్నాయి. ఇంత పెద్ద ఎత్తున మన జబ్బు కోసం ప్రభుత్వం కదలడం మేలే. కానీ శిబిరాల్లో మొదట చేసే ఒక పరీక్ష సంగతి టీచర్లు తెలుసుకోవాలి. రక్తపు చుక్కను ద్రావణంలో వేస్తారు. అది మసకబారి వెనకున్న గీతలు కనపడకపోతే ‘పాజిటివ్’. ఆ పరీక్ష ఒంటి కొడవలినీ జంట కొడవలినీ వేరు చేయలేదు. దానికి ఎలక్ట్రోఫోరెసిస్ గానీ, హెచ్.పి.ఎల్.సి. గానీ చేయాలి. ఆ రెండో ఫలితం వచ్చేదాకా ఏ పిల్లకూ ఏ పేరూ పెట్టకూడదు. మొదటి ఫలితానికీ రెండోదానికీ మధ్య గడిచే రోజుల్లోనే ఊళ్ళో మాట పుడుతుంది.

ఆ తర్వాత కార్డు. పెళ్ళికి ముందు జాతకాలు చూసుకున్నట్టు కార్డులు చూసుకోండి అని ప్రచారం చేస్తున్నారు. ఇద్దరూ ఒంటి కొడవలివాళ్ళయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం ఉంది కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే. మేనరికాలు చేసుకునే ఇళ్ళలో మరీ అవసరం. ఒకే తాత నుంచి ఆ జన్యువు బావకూ మరదలికీ ఇద్దరికీ దిగి ఉండొచ్చు. కానీ జాతకం అనే పోలిక నాకు నచ్చదు. మన పెళ్ళిళ్ళలో జాతకం ఎప్పుడు చూశాం? గట్టు చూస్తాం, ఇంటిపేరు చూస్తాం. జాతకం మాట వచ్చేసరికి దోషం మాట వెనకే వస్తుంది. దోషం ఎప్పుడూ పిల్లదే అవుతుంది, పిల్లవాడిది కాదు. నాకు తెలిసిన ఒక సంబంధం అలాగే పోయింది. పిల్లకు ఒంటి కొడవలి అని తెలిసి మాట వెనక్కి తీసుకున్నారు. పిల్లవాడికి అసలు పరీక్షే చేయించలేదు. అతనికి ఏమీ లేకపోతే వాళ్ళకు జబ్బు బిడ్డ పుట్టే అవకాశమే లేదని చెప్పేవాళ్ళు ఆ పంచాయతీలో ఒక్కరూ లేకపోయారు. సారా పోసి పెద్దమనుషులు లేచిపోయారు.

టీచర్ల తప్పు కూడా చెప్పుకోవాలి, అందులో నాదీ ఉంది. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక హాస్టల్లో ఏడో తరగతి కుర్రవాడు ఉండేవాడు. జనవరి చలిలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానానికి రానని ఏడ్చేవాడు. డ్రిల్లుకు నాలుగు రౌండ్లు పరిగెత్తి కూలబడేవాడు. దొంగ వేషాలన్నారు. నేనూ అన్నాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. చలి, ఒంట్లో నీరు తగ్గడం, మితిమీరిన శ్రమ, జ్వరం, ఇవి ఆ నొప్పి దాడిని లేపుతాయని అప్పుడు నాకు తెలియదు. ఆ కుర్రవాడు దసరా సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. జబ్బు ఇదే అని రుజువు లేదు, ఎవరూ పరీక్ష చేయలేదు. కానీ కళ్ళు పచ్చగా ఉండేవని, వేళ్ళు వాచేవని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇప్పుడు మా బడిలో అలాంటి పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళకు వేడినీళ్ళు ఇవ్వాలి, నీళ్ళ సీసా ఎప్పుడూ దగ్గర ఉంచనివ్వాలి, క్లాసు మధ్యలో బయటికి వెళ్తానంటే పంపాలి, జ్వరం వస్తే సాయంత్రం దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంతే. వీటిలో దేనికీ జి.వో. అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది కాబట్టి సర్టిఫికెట్ కోసం తల్లిదండ్రులను తిప్పవచ్చు. ఆ సంగతి మన మండలాల్లో చాలామందికి తెలియదు.

కొనొటె-అహులు గురించి చదివాక ఉత్సాహం ఆగక, తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో అమ్మమ్మనీ తాతనీ అడిగి, కీళ్ళ నొప్పులతో, పచ్చకామెర్లతో చిన్నప్పుడే పోయినవాళ్ళను రాసుకు రమ్మన్నాను. రెండు రోజుల తర్వాత ఒక అమ్మాయి బోర్డు దగ్గర నిలబడి చదువుతుంటే వెనక బెంచీలోంచి గుసగుసలు వినిపించాయి. అప్పుడు అర్థమైంది నేను ఏం చేస్తున్నానో. మన రక్తాన్ని అందరి ముందూ ఆరబెట్టిన వాళ్ళను తిట్టుకుంటూ నేనూ అదే చేస్తున్నాను. చదవడం ఆపించాను. నోటుబుక్కులు ఇళ్ళలోనే ఉంచమన్నాను, నాకు కూడా చూపించొద్దన్నాను.

నేను మాత్రం మా పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. పదకొండు కాన్పులు, అయిదుగురు మిగిలారు. పోయినవాళ్ళను ఆమె వరసగా చెప్పింది. ఒకడు ఇప్పపూల కాలంలో, ఒకతె కొత్తల పండగ ముందు, ఒకడు కాళ్ళు పొంగి మూడు రాత్రులు అరిచి అరిచి. ఇద్దరి దగ్గర ఆగింది, వాళ్ళకు ఇంకా పేరు పెట్టలేదంది. “ఆ నొప్పిని మన మాటలో ఏమనేవాళ్ళే పెద్దమ్మా?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, తన అత్త ఏదో అనేదని, నోట్లోకి రావడం లేదని చెప్పింది. గుర్తొస్తే కబురు పెడతానంది.